‘నీలం బ్యాగ్’ అని పిలిచే చోట మా వాణ్ని ఉంచాలా?

ప్రశ్న

పేరు వేయవద్దని కోరుతూ ఒక తండ్రి పంపిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ చెబుతాను.

ఆయన కొడుక్కి ఏడేళ్లు. రెండో తరగతి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులే. బడి వదిలిన దగ్గర్నుంచి సాయంత్రం ఆరు దాకా బాబు బడి పక్కనే ఉన్న ఒక ఆఫ్టర్ స్కూల్ క్లబ్‌లో ఉంటాడు. ఈ విద్యా సంవత్సరం మొదట్లో చేర్చారు, ఇప్పటికి ఆరు నెలలైంది. మొదట్లో హుషారుగానే వెళ్లాడట. ఇప్పుడు పొద్దున బడికి తయారవుతూనే "ఇవాళ క్లబ్ ఉందా?" అని మొదలుపెడతాడు. ఉందంటే మొహం మాడ్చుకుంటాడు. సాయంత్రం తండ్రి కనబడగానే చిన్న విషయానికే పేచీ, ఏడుపు. ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా బాత్‌రూమ్‌లోకి పరుగు.

ఒకరోజు ఆఫీసు నుంచి త్వరగా బయటపడి, ఫోన్ చేయకుండా నేరుగా క్లబ్‌కి వెళ్లారు. హాల్లో ముప్ఫై మంది దాకా పిల్లలు. గోడ మీద కార్టూన్ నడుస్తోంది. ఇద్దరు చూసుకోవాల్సిన చోట ఒక్కావిడే ఉంది, ఆవిడ కూడా ఫోన్‌లో మునిగి ఉంది. బాబు తలుపు పక్కన, బ్యాగ్ భుజాన అలాగే తగిలించుకుని కూర్చున్నాడు. "ఎవరూ ఏమీ అడగలేదు, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను" అని రాశారు. దారిలో బాబు అన్న మాట ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. "అక్కడ నా పేరు ఎవరికీ తెలీదు నాన్నా. నీలం బ్యాగ్ అంటారు."

అంతకు రెండు వారాల ముందు నుదుటి మీద బొప్పితో ఇంటికొచ్చాడు. క్లబ్ వాళ్లు చెప్పలేదు, స్నానం చేయించేటప్పుడు కనబడింది. అడిగితే, "పిల్లలన్నాక తగులుతుంటాయి కదండీ" అన్నారు. క్లబ్‌లో మొదటి గంట హోంవర్క్. పూర్తికాని పిల్లల్ని ఆడుకోనివ్వరు. మా వాడి చేతిరాత నిదానం కాబట్టి వారంలో ఎక్కువ రోజులు వాడికి ఆటే ఉండదు అంటారు ఈయన. ఇవన్నీ కలిసి ఒకరోజు ఆయనకి కోపం ఆగక, గుమ్మం దగ్గరే, పిల్లలందరి ముందూ ఆ సహాయకురాలి మీద అరిచేశారు. ఆ తర్వాత బాబు ఏదైనా అడిగితే ఆవిడ "వెళ్లి మీ నాన్నకి చెప్పుకో" అంటోందట.

భార్య మాట వేరు. "ఇంటికొచ్చాక బాగానే ఉంటున్నాడు, మీరే ఎక్కువ ఆలోచిస్తున్నారు. దగ్గరలో ఉన్న ఇంకో క్లబ్‌లో సీట్లు లేవు" అంటుంది. ఆయన అక్కగారు మాత్రం ఇద్దరిలో ఒకరు ఉద్యోగం మానేస్తే గొడవే ఉండదు కదా అని తేల్చేశారు. "నేను అతిగా ఆలోచిస్తున్నానా? మాన్పించెయ్యాలా? గట్టిగా అడిగితే ఆ కోపం మా వాడి మీద చూపిస్తారేమో" అన్నది ఆయన బాధ.

జవాబు

మీరు అతిగా ఆలోచించడం లేదు. అయితే మీరు దేని గురించి ఎక్కువ బాధపడాలో ఆ వరుస కాస్త మార్చుకోవాలని నాకనిపిస్తోంది. ఉత్తరంలో సగం కార్టూన్ గురించి, ఆవిడ ఫోన్ గురించి ఉంది. నేను ఆగిపోయింది వేరే రెండు చోట్ల. ఆ రెండింటినీ మీరు ఒక్కో వాక్యంలో చెప్పేసి ముందుకెళ్లిపోయారు.

మొదటిది, "ఎవరూ ఏమీ అడగలేదు, తీసుకొచ్చేశాను" అన్నది. మీరు తండ్రి కాబట్టి మీకది మామూలుగా అనిపించింది. కానీ ఆ సమయంలో హాల్లో ఉన్నావిడ తల కూడా ఎత్తలేదు కదా, వచ్చింది తండ్రో పరాయివాడో ఆవిడకెలా తెలుస్తుంది? ఒక పిల్లాడు వెళ్లిపోయాడని ఆవిడకి ఎప్పుడు తెలిసి ఉంటుంది? అసలు తెలిసిందా? కార్టూన్లు రోజంతా నడిచినా ఇంత ప్రమాదం లేదు. పిల్లల్ని ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లతో ఒక జాబితా, తీసుకెళ్లేటప్పుడు టైమ్ వేసి సంతకం, జాబితాలో లేనివాళ్లు వస్తే తల్లికో తండ్రికో ఫోన్. ఏ క్లబ్‌కైనా ఇది కనీసం. దీనికి డబ్బు అక్కర్లేదు, అదనపు మనుషులూ అక్కర్లేదు. ఒక నోట్‌బుక్కు, ఒక పెన్ను చాలు.

ఇక్కడే ఇంకొకటి అడగండి. బడి నుంచి క్లబ్‌కి పిల్లల్ని ఎవరు తీసుకొస్తున్నారు? రావాల్సిన పిల్లాడు రాకపోతే ఎన్ని నిమిషాలకి మీకు ఫోన్ వస్తుంది? పిల్లాడు క్లబ్‌కి వెళ్లాడని బడి అనుకుంటుంది, ఇవాళ బడికే రాలేదేమోనని క్లబ్ అనుకుంటుంది. ఈ రెండు అనుకోవడాల మధ్య పిల్లలు తప్పిపోతారు. బడి గేటుకి క్లబ్ తలుపు పక్కనే అయినా ఇది అడగాల్సిన ప్రశ్నే.

రెండోది, బూట్లు విప్పకుండా బాత్‌రూమ్‌కి పరుగు. రోజూ ఇలాగే అయితే, పిల్లాడు మధ్యాహ్నం నుంచి ఆపుకుంటున్నాడని అర్థం. ఈ వయసు పిల్లలు ఇలా రోజూ ఆపుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్లు, మలబద్ధకం, పగటిపూట బట్టలు తడుపుకోవడం లాంటివి వస్తాయి. కొందరు మరీ తెలివిగా నీళ్లు తాగడమే మానేస్తారు. సాయంత్రం ఒకసారి వాడి నీళ్ల సీసా ఎత్తి చూడండి. పొద్దున నింపిన నీళ్లు నింపినట్టే ఉంటే మీకు సగం జవాబు దొరికినట్టే. మంట అంటున్నా, జ్వరం ఉన్నా, తడుపుకుంటున్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, క్లబ్ సంగతి తర్వాత.

ఎందుకు వెళ్లట్లేదో మాత్రం మీరే ఊహించుకోవద్దు. వెళ్లనివ్వట్లేదేమో. అడగడానికి బెరుకేమో. గడియ పడదేమో. దారి చీకటిగా ఉంటుందేమో. పెద్ద తరగతి పిల్లలు తలుపు తోస్తారేమో. ఒక్కో కారణానికి మందు ఒక్కోటి. గడియకి ఒక స్క్రూ చాలు, పెద్ద పిల్లల బెడదకి ఇంకో మనిషి కావాలి. వెళ్లనివ్వట్లేదంటే మాత్రం అందులో చర్చ లేదు. బాత్‌రూమ్‌కి అనుమతి నిరాకరించడం క్రమశిక్షణ కింద రాదు.

ఇక బొప్పి. "పిల్లలన్నాక తగులుతుంటాయి" అన్న మాటలో తప్పు లేదు, నిజంగానే తగులుతుంటాయి. మీకు చెప్పకపోవడమే తప్పు. తలకి దెబ్బ తగిలిన పిల్లాణ్ని తర్వాతి కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలి. మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. దెబ్బ తగిలిందనే తెలియకపోతే, నీరసంగా పడుకున్న పిల్లాణ్ని మీరు అలిసిపోయాడులే అనుకుని వదిలేస్తారు. అందుకే ఎంత చిన్న దెబ్బైనా రిజిస్టర్‌లో రాసి, తీసుకెళ్లేటప్పుడు చెప్పాలి. తల విషయంలో అయితే సాయంత్రం దాకా ఆగకూడదు, అప్పుడే ఫోన్ చేయాలి.

ఈ మూడింటి గురించి అడిగేటప్పుడు మీకు మొహమాటం అక్కర్లేదు. మీ వాడి ఇష్టాయిష్టాలతో గానీ, మీ పెంపకం ఎలాంటిదన్న దానితో గానీ వీటికి సంబంధం లేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం మూడో అధికరణంలోనే ఈ మాట ఉంది. పిల్లల సంరక్షణ చూసే సంస్థలు భద్రత, ఆరోగ్యం, సిబ్బంది సంఖ్య, వాళ్ల అర్హత, తగిన పర్యవేక్షణ వీటన్నిటిలో నిర్ణీత ప్రమాణాలు పాటించాలని. సిబ్బంది సంఖ్య అన్నది కూడా అందులోనే ఉందని గమనించండి. ముప్ఫై మందికి ఒక్కరంటే ఎంత మంచి మనిషైనా చేతులెత్తేస్తుంది. అమెరికాలో ఇలాంటి క్లబ్‌లకి వాడుకలో ఉన్న ప్రమాణాల ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లలు 10 నుంచి 15 మందికి ఒక పెద్దమనిషి ఉండాలి. లెక్కలు దేశాన్ని బట్టి మారొచ్చు గానీ, అవసరం మారదు. ఒక పిల్లాడికి రక్తం కారితే ఒకరు వాడి దగ్గరుండాలి, మిగతా వాళ్లని ఇంకొకరు చూడాలి. అంటే పిల్లలు పదిమందే ఉన్నా పెద్దవాళ్లు ఇద్దరు తప్పదు. "రెండో ఆవిడ రాని రోజు మీరేం చేస్తారు?" అని అడగండి. దానికి వాళ్ల దగ్గర ఒక ఏర్పాటు ఉందా, లేదా ఆ ప్రశ్నే కొత్తగా విన్నట్టు చూస్తారా అన్నది మీకు చాలా చెబుతుంది.

భద్రత సంగతి అలా ఉంచితే, మిగిలింది సంరక్షణ. మీరు రాసిన వాటన్నిటిలో నాకు బాగా గుచ్చుకున్నది "నీలం బ్యాగ్". ఆరు నెలలు రోజూ రెండు మూడు గంటలు గడిపిన చోట ఒక ఏడేళ్ల పిల్లాడికి పేరు లేదు. క్లబ్ మంచిదా కాదా అని తేల్చడానికి బొమ్మలు ఎన్ని ఉన్నాయి, గోడలకి ఏ రంగు వేశారు అని చూస్తుంటారు చాలామంది. నేనైతే ఒక్కటే చూస్తాను. అక్కడున్న పెద్దవాళ్లలో ఒక్కరైనా ఈ పిల్లాణ్ని ఎరుగుదురా? ఇవాళ వీడు ఎప్పటిలా లేడే అని గమనించేవాళ్లు ఒకరున్నారా? అలాంటి మనిషి ఒకరుంటే కార్టూన్ నడిచినా, హాలు ఇరుకుగా ఉన్నా పిల్లలు ఎలాగో సర్దుకుంటారు. లేకపోతే ఎన్ని హంగులున్నా అది వెయిటింగ్ రూమే. మీ వాడు బ్యాగ్ దించకుండా తలుపు పక్కన కూర్చున్నది ఎందుకో నాకు తెలియదు, బ్యాగ్ పెట్టుకునే చోటు లేకపోవడం లాంటి మామూలు కారణమే కావచ్చు. అడిగి చూడండి. పేరు రాసిన ఒక కొక్కెం గోడకి ఉంటే ఈ వయసు పిల్లలకి అదొక ధైర్యం.

ఇన్‌చార్జిని కలిసినప్పుడు "మా వాడు ఎలా ఉంటున్నాడు?" అని అడగకండి, "బాగానే ఉంటున్నాడండీ" అని వస్తుంది. "మా వాడు ఎవరితో ఎక్కువ ఆడతాడు? ఏం చేస్తుంటే టైమ్ మర్చిపోతాడు? ఏడిస్తే ఎవరి దగ్గరికి వెళతాడు?" అని అడగండి. మూడింటిలో ఒక్కదానికైనా జవాబు దొరికితే ఆ క్లబ్ మీద నాకు ఆశ ఉంటుంది.

కార్టూన్ విషయంలో నేను మీ అంత కఠినంగా లేను. పొద్దున్నుంచి బెంచీ మీద కూర్చున్న పిల్లలు ఓ అరగంట ఏమీ చేయకుండా తెర చూస్తే కొంపలేం మునగవు. సాయంత్రమంతా అదే అయితేనే ఇబ్బంది. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరింటికి ఇంటికొచ్చే పిల్లాడికి ఆ గంట క్లబ్‌లో కాక ఇంకెక్కడ దొరుకుతుంది?

అందుకే నాకు కార్టూన్ కన్నా ఆ హోంవర్క్ నియమం ఎక్కువ అభ్యంతరకరంగా కనిపిస్తోంది. నిదానంగా రాసే పిల్లాడికి రోజూ ఆట పోతుంది. ఆట పోయిందన్న ఉక్రోషంలో మర్నాడు ఇంకా నిదానం. హారిస్ కూపర్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ హోంవర్క్ మీద వచ్చిన అధ్యయనాలను 2006లో సమీక్షించారు. ప్రాథమిక తరగతుల్లో హోంవర్క్‌కీ చదువులో రాణించడానికీ మధ్య సంబంధం చాలా బలహీనంగా కనిపించింది. అంత చిన్న ప్రయోజనం కోసం గంట ఆట తీసేయడం నష్టపు బేరమే. మీరు ఇలా అడగవచ్చు: "అరగంట రాయించండి, అవ్వకపోయినా ఆడుకోనివ్వండి, మిగిలింది ఇంట్లో మేం చూసుకుంటాం." ఒక చిక్కుంది. ఆ నియమం క్లబ్ వాళ్ల బుర్రలో పుట్టి ఉండదు. గుమ్మం దగ్గర పిల్లాణ్ని అందుకుంటూ "హోంవర్క్ అయిందా?" అని అడిగే తల్లిదండ్రులే దాన్ని పుట్టించి ఉంటారు. మనం ఏది అడుగుతామో క్లబ్ అదే చేస్తుంది. "ఇవాళ ఏం ఆడారు?" అని అడిగేవాళ్లు నలుగురు తయారైతే ఆ హాలు తీరే మారుతుంది. స్వీడన్‌లో ఇలాంటి కేంద్రాలు విద్యా వ్యవస్థలోనే భాగం, 2016 నుంచి జాతీయ పాఠ్య ప్రణాళికలో వాటికి ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. అందులో ఆటకీ, పిల్లల ఆసక్తులకీ పెద్దపీట. ఎక్కడో ఉన్న ఆ దేశాన్ని తెచ్చి మీ క్లబ్ నెత్తిన రుద్దమనను. బడి తర్వాతి ఆ రెండు మూడు గంటల్ని కూడా లెక్కలోకి తీసుకునేవాళ్లున్నారని చెప్పడానికే.

ఇప్పుడు ఏడుపు సంగతి. మీకు రుచించకపోవచ్చు గానీ, సాయంత్రం మిమ్మల్ని చూడగానే ఏడవడం ఒక్కటే అయితే దాన్ని క్లబ్ మీద ఫిర్యాదుగా నేను తీసుకోను. పిల్లలు రోజంతా బయటివాళ్ల ముందు బిగబట్టుకుని ఉంటారు. నమ్మకమైన మనిషి కనబడగానే ఆ బిగింపు సడలిపోతుంది. చాలా మంచి క్లబ్ నుంచి వచ్చే పిల్లలు కూడా కారెక్కగానే పేచీ పెడతారు. రేపు మీరు క్లబ్ మార్చినా ఇది కొంతకాలం ఉంటుంది, అప్పుడు "ఇదీ బాగోలేదు" అని కంగారు పడతారని ముందే చెబుతున్నాను. వాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడో కూడా చూడండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలన్నది అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంస్థ 2016లో చేసిన సిఫార్సు. ఎనిమిది గంటలతో లేచే పిల్లాడికి సాయంత్రం ఐదయ్యేసరికి ఏ క్లబ్ అయినా నరకమే.

ఏడుపు ఒక్కటే కాకుండా పొద్దున్నే "క్లబ్ ఉందా?" అని అడగడం, పేరు తెలియదనడం, బాత్‌రూమ్ పరుగు కూడా కలిశాయి కాబట్టి మీ అనుమానానికి బలం వచ్చింది. వాడితో మాట్లాడండి, కానీ కారులో కాదు, అందుకోగానే అసలే కాదు. కాస్త తిని, కాసేపు వాడి మానాన వాడున్నాక మాట్లాడండి. "మేడం తిట్టిందా? కొట్టిందా?" అని అడగొద్దు. పిల్లలు మన మొహం చూసి మనకి కావాల్సిన జవాబు ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఏది నిజమో వాళ్లకీ తెలియకుండా పోతుంది. కాగితం ఇచ్చి ఆ హాలు బొమ్మ గీయమనండి. నువ్వెక్కడ కూర్చుంటావు, మేడం ఎక్కడ ఉంటుంది, బాత్‌రూమ్ ఎటువైపు, నీకు ఏ మూల ఇష్టం, ఏ మూల ఇష్టం లేదు. చెప్తున్నంతసేపూ "ఊఁ, తర్వాత?" తప్ప ఇంకేమీ అనకండి.

ఆ మాటల్లో ఫలానా మనిషంటేనే భయం, ఒంటి మీద కారణం తెలియని దెబ్బలు, ఎవరో ముట్టుకోవడం, "ఎవరికీ చెప్పొద్దన్నారు" అనడం లాంటివి ఏవైనా బయటపడితే, ఈ సమాధానంలో నేను చెబుతున్న మిగతాదంతా పక్కన పెట్టేయండి. ఇంకేమీ గుచ్చి గుచ్చి అడగొద్దు. వాడు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మర్నాటి నుంచి పంపొద్దు. డాక్టర్, పిల్లల రక్షణ చూసే అధికారులు, పోలీసులు, వీళ్ల దగ్గరికి వెళ్లండి. క్లబ్ ఇన్‌చార్జితో రాజీ మాటలకి కూర్చోవద్దు. మీ ఉత్తరంలో అలాంటి సూచన ఏదీ నాకు కనబడలేదు, అయినా చెప్పకుండా ఉండలేను.

ఆ సహాయకురాలి సంగతికి వద్దాం. "మీ నాన్నకి చెప్పుకో" అనడం ముమ్మాటికీ తప్పు. పెద్దవాళ్ల గొడవలో పిల్లాణ్ని లాగకూడదు. కానీ ఆరోజు హాల్లో ముప్ఫై మందితో ఒంటరిగా ఉన్నది కూడా ఆవిడే కదా. రెండో మనిషిని పెట్టాలా వద్దా అన్నది ఆవిడ చేతిలో ఉండదు. ఆ నిర్ణయం తీసుకునేవాళ్లు గుమ్మం దగ్గర నిలబడరు కాబట్టి వాళ్ల మీద పడాల్సిన కేకలు ఆవిడ మీద పడ్డాయి, అదీ పిల్లల ముందు. నేనైతే ఆవిడతో విడిగా రెండు నిమిషాలు మాట్లాడతాను. "ఆరోజు పిల్లల ముందు అలా అరవకుండా ఉండాల్సింది. మీ ఒక్కరికీ అంతమందిని చూడటం కష్టమే. మా వాడు కొంచెం బిడియస్తుడు, బాత్‌రూమ్‌కి వెళతానని నోరు తెరిచి అడగడు, మీరే ఒకసారి గుర్తు చేస్తే చాలు" అనండి. వాడి పేరు చెప్పండి, వాడికి ఏదంటే ఇష్టమో ఒక్క ముక్క చెప్పండి. ఇది పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. పనిచేయకపోతే పోయేది మీ రెండు నిమిషాలే. పనిచేస్తే మాత్రం ఇంతసేపూ నేను చెప్పిన ఆ ఎరిగిన మనిషి ఆవిడే కావచ్చు.

ఇన్‌చార్జికి మాత్రం నోటితో వదిలేయకుండా రాసి ఇవ్వండి. అర పేజీ చాలు. తేదీలతో మూడు సంగతులు: ఫలానా రోజు నేను వచ్చి సంతకం లేకుండా బాబుని తీసుకెళ్లాను, ఫలానా రోజు తలకి దెబ్బ తగిలినా మాకు చెప్పలేదు, బాబు రోజూ బాత్‌రూమ్‌కి వెళ్లకుండా వస్తున్నాడు. ఈ మూడింటికి ఏం చేస్తారో వారంలోగా చెప్పమనండి. హోంవర్క్, కార్టూన్, నీలం బ్యాగ్ సంగతులు అందులో కలపొద్దు. కలిపితే వాళ్లు తేలికైన దాన్ని పట్టుకుని మాట్లాడి అసలు దాన్ని దాటేస్తారు. అవి రెండోసారి కూర్చున్నప్పుడు మాట్లాడుకోవచ్చు.

కోపం బాబు మీద చూపిస్తారేమోనన్న భయం అర్థం లేనిదేమీ కాదు. నేను చూసినంతలో మాత్రం, మర్యాదగా, రాతపూర్వకంగా అడిగే తల్లిదండ్రుల పిల్లలతో జాగ్రత్తగానే ఉంటారు. ఎప్పుడూ అడగనివాళ్ల పిల్లలే గాలికి పోతారు. అయినా ఆ భయం పోకపోతే ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో కలిసి వెళ్లండి. దానికో ఇబ్బంది ఉంది. వాట్సాప్ గ్రూపులో మొదలైతే అది రెండు రోజుల్లో ఆ సహాయకురాలి మీద తీర్పుగా మారిపోతుంది, మీకు కావాల్సిన సంతకాల పుస్తకం ఎక్కడో కొట్టుకుపోతుంది. ఎదురెదురుగా కలిసి మాట్లాడుకోండి. క్లబ్ బడి ఆధ్వర్యంలోదైతే హెడ్మాస్టర్‌కి, దానికి లైసెన్స్ ఇచ్చే అధికారులుంటే వాళ్లకి వెళ్లే దారి ఎలాగూ ఉంది. దాన్ని రెండో మెట్టుగా ఉంచుకోండి.

వారంలో వాళ్లు ఏం చెప్పారన్నదాని కన్నా ఎలా తీసుకున్నారన్నది చూడండి. మర్నాడే గుమ్మం దగ్గర పుస్తకం ప్రత్యక్షమైతే ఆ క్లబ్‌కి ఒక నెల, రెండు నెలలు టైమ్ ఇవ్వొచ్చు. "చూస్తామండీ" అని నవ్వి ఊరుకుంటే ఇంకోసారి గుర్తు చేసి, ఈలోగా వేరే చోటు వెతకడం మొదలుపెట్టండి. "నచ్చకపోతే తీసుకెళ్లండి" అంటే, తీసుకెళ్లండి. సీటు దొరికే దాకా ఇద్దరూ సెలవులు పంచుకుని నెట్టుకొచ్చినా సరే. సంతకం అడగడమే తప్పన్నచోట ఏడేళ్ల పిల్లాణ్ని ఉంచమని నేను చెప్పలేను.

రోజులు తగ్గిస్తే ఎలా ఉంటుందని అడిగారు. వారానికి ఐదు రోజులు కాకుండా రెండు రోజులైతే అలసట తగ్గుతుంది, నిజమే. కానీ అప్పుడప్పుడూ వచ్చే పిల్లాడికి ఆటలో జట్టు దొరకడం కష్టం. నిన్న మొదలైన ఆట ఇవాళ వాడికి తెలియదు. పేరు తెలియని పిల్లాడు ఇంకా పరాయివాడవుతాడు. తగ్గించాల్సి వస్తే వరుసగా రోజులు ఉంచండి, వాడికి కాస్తో కూస్తో స్నేహమున్న పిల్లలు వచ్చే రోజులు చూసుకోండి.

క్లబ్ మార్చడమూ ఊరికే జరగదు. కొత్త మనుషులు, కొత్త బాత్‌రూమ్, మళ్లీ మొదటి నుంచి. మార్చదలిస్తే కొత్త క్లబ్‌ని సాయంత్రం ఐదున్నరకి వెళ్లి చూడండి. మొదటి గంటలో అన్ని క్లబ్‌లూ బాగానే ఉంటాయి. పెద్దవాళ్లు కూడా అలిసిపోయాక పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో, పిల్లల్ని పేర్లతో పిలుస్తున్నారో లేదో, ఒక మూల ఒంటరిగా ఉన్న పిల్లాడి దగ్గరికి ఎవరైనా వెళుతున్నారో లేదో అప్పుడు తెలుస్తుంది. మిమ్మల్ని లోపలికి రానిచ్చేముందు మీరెవరని అడిగితే విసుక్కోకండి, సంతోషించండి.

మీ అక్కగారి సలహా ప్రేమతో ఇచ్చిందే. కానీ ఉద్యోగం మానడం అన్నది ఒక క్లబ్ సరిగ్గా లేనందుకు వేసే మొదటి అడుగు కాకూడదు. ఇద్దరిలో ఎవరికైనా పని వేళలు ఒక గంట అటూ ఇటూ జరపడం, వారంలో ఒకట్రెండు రోజులు ఇంటి నుంచి పని చేయడం కుదురుతుందేమో అడగడం వేరు. అది అడిగి చూడండి. పిల్లాడు ఇంట్లో పెరగాలని మీ ఇద్దరికీ నిజంగా అనిపిస్తే, ఆ నిర్ణయం టెన్షన్‌లో కాకుండా తీరిగ్గా కూర్చుని తీసుకోండి.

మీ భార్య నిర్లక్ష్యంగా ఉన్నారని నాకనిపించలేదు. మీరు రాసిన దాన్ని బట్టి ఆవిడ ఇంటికి చేరేసరికి ఏడున్నర. అప్పటికి బాబు తిని, ఆడుకుని, కుదుటపడి ఉంటాడు. మీరు చూసేది ఆరింటి పిల్లాణ్ని, ఆవిడ చూసేది ఏడున్నర పిల్లాణ్ని. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎలాగోలా వీలు చేసుకుని ఒక వారం ఆవిణ్ని క్లబ్‌కి వెళ్లమనండి. ఆ వారం తర్వాత మీ ఇద్దరి మధ్య వాదన వేరేగా ఉంటుంది.

ఉత్తరం చివర, బ్యాగ్‌లో చిన్న రికార్డర్ పెట్టమంటారా అని అడిగారు. వద్దు. అందులో మీ వాడి మాటలతో పాటు ఇంకో ముప్ఫై మంది పిల్లల మాటలు పడతాయి, చాలా చోట్ల చట్టం కూడా దాన్ని ఒప్పుకోదు. పైగా వాడికి తెలిస్తే రోజంతా దాన్ని మోస్తున్నానన్న బరువు, తెలియకపోతే ఎప్పుడో ఒకరోజు బయటపడుతుంది. దానికి బదులు వారంలో ఒకటి రెండుసార్లు, చెప్పకుండా, పావుగంట ముందు వెళ్లండి. తల్లిదండ్రులు ఏ సమయంలోనైనా లోపలికి రావచ్చన్న నియమం ఆ క్లబ్‌లో ఉందా అని ఇన్‌చార్జిని అడగండి. లేదంటే, ఎందుకు లేదో కూడా అడగండి.